ఘాటీ ఎక్కే చేతులు

పోలినాయుడు చనిపోయాక హేమచంద్ర తన గురువును ఒకే ప్రశ్న అడుగుతూ వచ్చాడు.

“ఆ రోజు నేను వాడికి ఏ గ్లౌజులు ఇచ్చి ఉండాల్సింది స్వామీ?”

శాంతవీరస్వామి జవాబు చెప్పేవారు కాదు. ఒకసారి, “అన్నం తిన్నావా?” అన్నారు. ఇంకోసారి చేతిలో ఉన్న చీపురు అతనికి అందించి వెళ్లిపోయారు. మరోసారి విననట్టే బెండ మొక్కల మధ్య కలుపు పీకుతూ కూర్చున్నారు.

హేమచంద్ర కూడా అక్కడే కూర్చుని కాసేపు కలుపు పీకాడు. ఆ తర్వాత మళ్లీ అడిగాడు.

వాళ్ల ఆశ్రమం తూర్పు కనుమల్లో, ఎర్రగెడ్డ ఘాటీ అనే కొండదారి మొదట్లో ఉంది. ఆశ్రమమంటే పెద్దదేం కాదు. వరసగా రేకుల గదులు, ఒక వంటపాక, ఒక మందుల గది. ఘాటీకి అవతల కొండల్లో చిన్న చిన్న ఊళ్లున్నాయి. అక్కడి క్షయరోగులకి మందులు చేరవెయ్యడమే శిష్యుల పని. జపం కన్నా ముందు అదే అనేవారు స్వామి. క్షయ మాత్రలు మధ్యలో మానేస్తే రోగం మొండికెక్కుతుంది. తర్వాత ఏ మందుకీ లొంగదు. కొండచరియ విరిగిపడి రోడ్డు సగం కొట్టుకుపోయినప్పటి నుంచి జీపులు రావడం మానేశాయి. సైకిలయితే ఆ కాస్త దూరం భుజాన వేసుకుని దాటొచ్చు. అందుకని శిష్యులే వంతులు వేసుకుని సైకిళ్ల మీద వెళ్లొస్తుండేవారు.

హేమచంద్రది రాజమండ్రి. ఒకప్పుడు సైకిలు పందాల్లో తొక్కినవాడు. ఆశ్రమానికి వచ్చేటప్పుడు కట్టుబట్టలతో వచ్చాడు గాని, ఒక పెట్టె నిండా గ్లౌజులు మాత్రం వెంట తెచ్చుకున్నాడు. అది చూసి స్వామి నవ్వి ఊరుకున్నారు.

ఘాటీ ఎక్కి దిగేవాళ్లకి ఆ పెట్టె విలువ తొందరగానే తెలిసింది. ఎండాకాలానికి వేళ్లు సగం బయటికుండేవి. అరచేతి కింద మెత్త ఉంటుంది, చెమట పట్టినా పిడి జారదు. వానకి రబ్బరు పూత ఉన్నవి. పొగమంచుకి పల్చటివి, కావాలంటే వాటి మీద ఇంకో జత ఎక్కించుకోవచ్చు. గడ్డకట్టే చలికి లోపల దట్టంగా ఉన్ని ఉన్నవి. పొద్దున్నే ఎవరైనా సైకిలు తీస్తే చాలు, హేమచంద్ర గేటు దగ్గరికి వచ్చేవాడు. ఆకాశం చూసేవాడు. కొండ వైపు తిరిగి గాలి ఎటు వీస్తోందో చూసేవాడు. ఒక జత తీసి చేతిలో పెట్టేవాడు. చాలాసార్లు అతను చెప్పినట్టే జరిగేది. మధ్యాహ్నానికి వాన పడుతుందంటే పడేది.

“హేమచంద్రని అడగకుండా గేటు దాటకూడదు,” అనుకునేవారు అందరూ. అది అతని చెవిన పడేది. పడినప్పుడల్లా ఒళ్లు తేలికయ్యేది.

పోలినాయుడిది బొబ్బిలి వైపు పల్లె. క్షయతోనే ఆశ్రమానికి వచ్చాడు. ఎముకల గూడులా వచ్చినవాడు మాత్రలు మింగి, గంజి తాగి మనిషయ్యాడు. రోగం తగ్గాక ఇంటికి పొమ్మంటే పోలేదు. “నాకు ఎవులో ఒకులు తెచ్చిస్తేనే కదా నేను బతికినాను,” అని సైకిలు నేర్చుకున్నాడు. నవ్వితే వంటపాక దాకా వినిపించేది.

అది డిసెంబరు. ఆ రోజు తెల్లవారేసరికి ఆకాశంలో మబ్బు తునక లేదు. గడ్డి మీద మంచు తెల్లగా పేరుకుంది. హేమచంద్ర పెట్టెలోంచి ఉన్ని గ్లౌజులు తీసిచ్చాడు.

పోలినాయుడు వాటిని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. తొడుక్కుని వేళ్లు ఆడించాడు. ఎలుగుబంటి చేతుల్లా ఉన్నాయని నవ్వాడు.

“ఈటికి సలి తగల్దా అన్నా?”

“మంచులో ముంచినా తగలదురా. ఇంక చెయ్యి సంగతి మర్చిపోయి తొక్కు.”

స్వామి కూడా గేటు దగ్గరే ఉన్నారు. పోలినాయుడు వంగి కాళ్లకి మొక్కితే తల మీద చెయ్యి వేసి పంపించారు.

ఘాటీ ఎక్కడమంటే ఊపిరి తోడుకుంటూ ఎక్కాలి. పైకి వెళ్లేసరికి గ్లౌజుల లోపలంతా చెమటతో తడిసి ఉంటుంది. కొండ కొనకి చేరేసరికి సముద్రం వైపు నుంచి గాలి తిరిగింది. ఎక్కడో పట్టిన వాయుగుండం తాలూకు మబ్బు ఒక్కసారిగా ఆ కొండల మీదికి వచ్చి పడింది. వాన మొదలైంది. ఉన్ని పొడిగా ఉన్నంతసేపే వెచ్చన. తడిసిందంటే నీళ్లు పట్టుకుని వదలదు. ఆ తడి చేతులతో, ఎదురు గాలిలో, అవతలి వైపు దిగుడు మొదలుపెట్టాడు పోలినాయుడు.

దిగేటప్పుడు కాళ్లకి పనుండదు, చేతులకే పని.

పిట్టలబొర్ర అనే ఊరి దగ్గర కట్టెలు కొట్టుకుంటున్న ఒక ఆడమనిషి చూసింది. సైకిలు మలుపు దగ్గరికి వచ్చింది గాని కాస్తయినా నెమ్మదించలేదంది. వచ్చిన వేగంతోనే అంచు దాటి లోయలోకి వెళ్లిపోయిందట. కేక కూడా వినపడలేదట.

ఊరివాళ్లు డోలీ కట్టి ఆశ్రమానికి తీసుకొచ్చారు. మందుల సంచీ కూడా తెచ్చారు. దాన్లో మాత్రలు ఒక్కటీ తడవలేదు.

శవానికి స్నానం చేయించడానికి స్వామి గ్లౌజులు తియ్యబోయారు. ఒక పట్టాన రాలేదు. రెండు చేతులా పట్టుకుని లాగితే వచ్చాయి. వాటితో పాటే చల్లటి నీళ్లు ధారగా కారాయి. పోలినాయుడి వేళ్లు పాలిపోయి, ముడతలు పడి, సగం వంగి ఉన్నాయి. బ్రేకు పట్టుకోబోయి పట్టుకోలేకపోయిన వేళ్లు అవి. హేమచంద్ర పక్కనే చెంబు పట్టుకుని నిలబడ్డాడు. నీళ్లు పొయ్యమని స్వామి రెండుసార్లు చెబితే గాని అతనికి వినపడలేదు.

కబురందుకుని పోలినాయుడి తల్లి పైడమ్మ వచ్చింది. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది. దహనం అయిపోయాక, ఆవిడ అరుగు మీద కూర్చుని అందరి ముఖాల్లోకీ చూసింది. చివరికి హేమచంద్రని చూసి అడిగింది.

“ఆఖర్న ఆడికి సలేసుంటదా నాయనా?”

ఎవరూ ఆవిడకి గ్లౌజుల సంగతి చెప్పలేదు. ఊరికే, దగ్గరున్నవాణ్ణి అడిగింది. హేమచంద్ర తల దించుకున్నాడు.

“వేసి ఉంటుందమ్మా,” అన్నారు స్వామి. “బాగా చలేసి ఉంటుంది.”

పైడమ్మ తల ఊపింది. చెంగు తీసి భుజాల చుట్టూ కప్పుకుని, చీకటి పడకముందే బస్సుందని లేచి వెళ్లిపోయింది.

హేమచంద్రని ఎవరూ ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేదనుకున్నాడు. వాన పడినప్పుడల్లా ఒక జత గ్లౌజులు తొడుక్కుని బయటికి పోయి నిలబడేవాడు. ఏది ఎంతసేపటికి తడుస్తుంది, తడిస్తే ఎంతసేపటికి చెయ్యి మొద్దుబారుతుంది అని చూసేవాడు. గ్లౌజులన్నీ దండెం మీద ఎప్పుడూ తడితడిగా వేలాడుతుండేవి. అతని వేళ్లు వాచి, కణుపుల దగ్గర పగిలి నెత్తురు కారేది. ఆ చేతులతోనే అన్నం కలుపుకునేవాడు. ఉప్పు తగిలి మండుతున్నా పట్టించుకునేవాడు కాదు.

గేటు దగ్గరికి మాత్రం వెళ్లడం మానేశాడు. ఘాటీ ఎక్కేవాళ్లు ఇప్పుడు చేతులకి తువ్వాళ్లు చుట్టుకుని వెళ్తున్నారు. అతన్ని అడగడానికి జంకు. అతని పెట్టె ముట్టుకోవడానికీ జంకే.

జనవరి చివర్లో నూకరత్నం వంతు వచ్చింది.

నూకరత్నం ఒకప్పుడు నర్సు. భర్త పోయాక ఉద్యోగం వదిలేసి వచ్చింది. మొహమాటం లేని మనిషి. ఆ పొద్దున ఆకాశం ఎటూ తేల్చడం లేదు. కింద పొగమంచు. కొండ కొనన నల్లగా ఏదో ఉంది, మబ్బో నీడో తెలియదు. గాలి కాసేపు ఇటు, కాసేపు అటు కొడుతోంది. ఆమె సైకిలు గోడకి ఆనించి, సంచీ భుజాన తగిలించుకుని, తిన్నగా హేమచంద్ర గది ముందుకి వచ్చింది.

“ఏటి తమ్ముడూ, నన్ను కూడా తువ్వాళ్లు కట్టుకుని పొమ్మంటావా? ఏయి ఏసుకోవాలో చెప్పు.”

హేమచంద్ర పెట్టె తీసుకుని బయటికి వచ్చాడు. మూత తెరిచాడు. ఒక జత తీశాడు. కొండ వైపు చూశాడు. దాన్ని పెట్టి ఇంకో జత తీశాడు. మళ్లీ చూశాడు. చివరికి అన్నీ తీసి అరుగు మీద పరిచి, వాటి ముందు నిలబడిపోయాడు.

“ఇవాళ వెళ్లకు అక్కా,” అన్నాడు.

“పిట్టలబొర్రలో నిన్నటితో మాత్రలు అయిపోనాయి.”

“రేపు వెళ్దువు గాని.”

“రేపు మాత్రం ఆకాశం నీకు రాసిస్తాదా?”

అప్పటికే స్వామి అక్కడికి వచ్చి నిలబడ్డారు. హేమచంద్ర ఆయన వైపు తిరిగాడు.

“మీరు చెప్పండి స్వామీ. ఇన్నాళ్లుగా అడుగుతున్నాను. దేనికి ఏది వేసుకోవాలో మీరొక్కసారి చెబితే, అదే నాకు వేదం. ఇంక తప్పు జరగదు.”

స్వామి అరుగు మీద పరిచినవన్నీ చూశారు. ఉన్ని గ్లౌజు ఒకటి తీసి కుడిచేతికి తొడుక్కున్నారు. నీళ్ల గోలెం దగ్గరికి నడిచి, మోచెయ్యి దాకా లోపల పెట్టారు. ఆ నీళ్లు రాత్రంతా మంచులో ఉన్న నీళ్లు. కాసేపు అలాగే ఉంచి తీశారు. గ్లౌజులోంచి నీళ్లు కారుతుండగానే గేటు దగ్గరికి వెళ్లి, కొండ గాలి తగిలే చోట నిలబడి చెయ్యి ముందుకి చాపారు.

“నా చెయ్యి ఎలా ఉంది?” అని అడిగారు.

హేమచంద్ర వెంటనే అందుకున్నాడు. “తడి ఉన్ని స్వామీ. ఈ గాలికి ముందు వేళ్ల చివర్లు లాగుతాయి. ఆ తర్వాత పట్టు...”

“ఉన్ని సంగతి కాదు. నా చెయ్యి ఎలా ఉంది?”

హేమచంద్ర ఆ చేతికేసి చూశాడు.

స్వామి అలాగే నిలబడ్డారు. డెబ్బై దాటిన మనిషి. ఒంటి మీద నూలు పంచె తప్ప ఇంకేమీ లేదు. చెయ్యి సన్నగా వణకడం మొదలైంది.

“నొప్పిగా ఉందా స్వామీ?”

ఆయన మాట్లాడలేదు.

“తిమ్మిరెక్కిందా?”

మాట్లాడలేదు. వణుకు మోచెయ్యి దాటి భుజం దాకా ఎక్కింది. పెదాలు నల్లబడ్డాయి. నూకరత్నం సంచీ కింద పడేసి ఒక అడుగు ముందుకి వేసింది. స్వామి ఎడమచేత్తో ఆమెని ఆగమన్నారు.

“చెప్పు హేమచంద్రా. నీకు తెలుసు కదా.”

“ఇంక తీసెయ్యండి స్వామీ.”

“ఎలా ఉందో చెప్పు, తీస్తాను.”

“నీళ్లు తాగిన ఉన్ని... గాలి ఉత్తరం నుంచి...” చూస్తుండగానే స్వామి చేతి వణుకు తగ్గిపోయింది. పూర్తిగా ఆగిపోయింది. మొద్దుబారిన చెయ్యి ఇంక వణకదని హేమచంద్రకి తెలుసు. ఒక్క ఉదుటున వెళ్లి ఆ చేతిని రెండు చేతులా పట్టేసుకున్నాడు.

“నాకెలా తెలుస్తుంది స్వామీ! చెయ్యి మీది కదా! నాకు తెలీదు. నాకేం తెలీదు!”

ఆ అరుపుకి రేకుల గదుల్లోంచి జనం బయటికి వచ్చారు. హేమచంద్ర ఏడుస్తూ ఆ గ్లౌజు లాగుతున్నాడు. ఈసారి స్వామి లాగనిచ్చారు.

గ్లౌజు ఊడి నేల మీద పడ్డాక, నూకరత్నం వైపు చూపించి నెమ్మదిగా అన్నారు.

“ఆ మాట ఆవిడకి చెప్పి పంపు.”

హేమచంద్ర భుజంతో ముఖం తుడుచుకుని అరుగు దగ్గరికి వెళ్లాడు. పల్చటి జత ఒకటి, రబ్బరు పూత ఉన్నది ఒకటి తీసి నూకరత్నానికి ఇచ్చాడు. ఇంకో పొడి జతని ప్లాస్టిక్ సంచిలో చుట్టి, స్వెట్టరు లోపల దోపుకోమన్నాడు.

“ఇయి సరిపోతాయా?” అని అడిగింది ఆమె.

“తెలీదక్కా.”

ఆమె అతని ముఖంలోకి చూసింది.

“పైన గాలి ఎలా ఉంటుందో నాకు తెలీదు. నీ చేతులు ఎంతకి ఓరుస్తాయో అసలే తెలీదు. నీకే తెలుస్తుంది. దిగేటప్పుడు ప్రతి మలుపుకీ ముందు ఆగు. బొటనవేలు తీసుకెళ్లి చిటికెనవేలికి ఆనించి చూడు. ఆనకపోతే ఇంక సైకిలు ఎక్కకు. నడిచిపో. చీకటి పడినా సరే. వెనక్కి రావాలనిపిస్తే వచ్చెయ్యి.”

“మరి మాత్రలు?”

“నువ్వొచ్చేస్తే నేను పట్టుకెళ్తాను.”

నూకరత్నం గ్లౌజులు తొడుక్కుంది. అతను చూస్తుండగానే రెండు చేతుల బొటనవేళ్లూ చిటికెనవేళ్లకి ఆనించింది. సంచీ ఎత్తుకుని, స్వామికి దణ్ణం పెట్టి, సైకిలు తీసింది. మొదటి వంపు దగ్గరే పొగమంచు ఆమెని మింగేసింది.

మర్నాడు మధ్యాహ్నం దాటాక ఆమె తిరిగి వచ్చింది. పైన వానే తగిలిందట. అవతలి దిగుడంతా సైకిలు నడిపించుకుంటూనే వెళ్లిందట. పోలినాయుడు పడిపోయిన మలుపు దగ్గర బొటనవేలు చిటికెనవేలికి ఆనలేదట. పొడి గ్లౌజులు మార్చుకుని, చంకల్లో చేతులు పెట్టుకుని, రాయి మీద చాలాసేపు కూర్చుందట. పిట్టలబొర్రకి చేరేసరికి దీపాలు పెట్టే వేళ దాటిపోయింది. ఇంతాలస్యమా అని రోగుల ఇళ్లవాళ్లు కేకలేశారట. అవన్నీ చెబుతూ వంటపాకలో వేడి గంజి తాగింది. అందరూ విన్నారు. హేమచంద్ర విని, ఆమె తడి గ్లౌజులు పిండి ఆరేశాడు.

అది మర్నాటి సంగతి. ఆ పొద్దున మాత్రం, ఆమె వెళ్లిన తోవలో ఏమీ కనిపించకపోయినా హేమచంద్ర ఇంకా గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు. వెనక్కి తిరిగేసరికి స్వామి అరుగు మీద కూర్చుని ఉన్నారు. కుడిచెయ్యి తొడ మీద, ఎవరో మర్చిపోయి వదిలేసిన వస్తువులా పడి ఉంది.

హేమచంద్ర వచ్చి ఆయన కాళ్ల దగ్గర కూర్చున్నాడు. ఆ చేతిని తీసుకుని తన రెండు చేతుల మధ్య పెట్టుకున్నాడు. ఊపిరి ఊదాడు. చొక్కా గుండీలు తీసి రొమ్ముకి అదుముకున్నాడు. ఆ చల్లదనానికి అతని ఒళ్లు జలదరించింది. అయినా వదల్లేదు. వంటపాకలోంచి పొగ వచ్చింది. ఎవరో నీళ్లు తోడుకుని వెళ్లారు.

చాలాసేపటికి ఆ వేళ్లలో కాస్త రంగు తిరిగింది. స్వామి ఒక్కసారిగా కళ్లు మూసుకుని పళ్లు బిగించారు.

“ఏమైంది స్వామీ?”

“మండుతోందిరా. నెత్తురు ఎక్కుతోంది కదా.”

హేమచంద్ర కంగారుపడి పట్టు సడలించబోయాడు.

“వదలకు,” అన్నారు స్వామి. “మండనీ.”